పగడాల సముద్రంలో పది రోజులు

నా నల్లపూసల గొలుసులో రెండు పగడాలున్నాయి. అమ్మమ్మ నుంచి అమ్మకూ, అమ్మ నుంచి నాకూ వచ్చిన ఆ రెండింటినీ నరసాపురం కంసాలి ఒకాయన "సీమ పగడాలమ్మా, మన సముద్రంలో దొరికేవి కావు" అని చెప్పి కట్టి ఇచ్చాడని ఇంట్లో చెప్పుకునేవారు. ఆ సీమ ఏదో ఎవరూ అడగలేదు. ఇటలీలోని జెనోవాలో పరిశోధన చేస్తున్న మా తమ్ముడు మాత్రం నాలుగేళ్లుగా "అక్కా, నీ పగడాలు పుట్టిన నీళ్లు మా కిటికీలోంచి కనబడతాయి, ఒకసారి వచ్చి చూసిపో" అని పిలుస్తూనే ఉన్నాడు. నలభై మూడో ఏట హైదరాబాదులో చిన్నపిల్లలతో పాటు ఈతకొలనులో చేరి, ఏడాది పాటు నీళ్లు మింగి, ముఖం నీళ్లలో పెట్టి నిబ్బరంగా తేలడం నేర్చుకున్నాక గాని నాకు ఆ ధైర్యం రాలేదు. ఇంటికి వచ్చి వారమైంది. ముంజేతి మీద జెల్లీచేప పెట్టిన వాత ఇంకా పూర్తిగా మానలేదు. అది మానేలోగా రాసేయాలని కూర్చున్నాను.

జెనోవా, జూన్ 9

జెనోవా పాత పట్టణంలో సందులు ఎంత ఇరుకంటే, ఎదురుగా కూరగాయల సంచితో ఎవరైనా వస్తే ఒకరు గోడకు ఒదగవలసిందే. అటువంటి ఒక సందులో, కట్టెల పొయ్యి మీద నడిచే చిన్న అంగడిలో, తమ్ముడు నాకు మొదట ఫరినాటా పెట్టించాడు. శనగపిండి, నీళ్లు, ఉప్పు, ఆలివ్ నూనె కలిపి, మన గుండిగ మూతంత వెడల్పున్న రాగి పళ్లెంలో పల్చగా పోసి, పొయ్యి లోపలికి తోసి కాలుస్తారు. పైన కరకరలాడుతూ, లోపల మెత్తగా ఉంటుంది. మనింట్లో ఉల్లిపాయా పచ్చిమిరపకాయా లేకుండా శనగపిండి అట్టు వేస్తే ఎలా ఉంటుందో అలాగే ఉందని అన్నాను. తమ్ముడు చుట్టూ చూసి, "నెమ్మదిగా అను అక్కా, తెలుగులో అన్నా వీళ్లకు అర్థమవుతుంది" అన్నాడు. ఇద్దరికీ కలిపి 9 యూరోలయింది. యూరో దాదాపు వంద రూపాయల లెక్కన చూసుకోవద్దని వాడు ముందే చెప్పాడు గాని, నేను పది రోజులూ చూసుకుంటూనే ఉన్నాను.

భోజనం తరువాత నేను పాల నురగతో కాఫీ అడిగితే, అంగడి పెద్దాయన నన్ను జబ్బుపడిన మనిషిని చూసినట్లు చూశాడు. ఉదయం పదకొండు దాటాక పాల కాఫీ అక్కడ ఎవరూ తాగరట. తెచ్చి ఇచ్చాడు గాని, ఇస్తూ గొణిగాడు. జెనోవా వాళ్లకు గొణుగుడు ఒక హక్కు, దానికి వాళ్ల భాషలో "ముగూన్యో" అని పేరు కూడా ఉంది. పూర్వం ఓడ మీద పనికి కుదిరేటప్పుడు, గొణుక్కునే స్వేచ్ఛ ఉంటే జీతం తక్కువైనా సరేనని నావికులు ఒప్పుకునేవారని ఆ ఊళ్లో గర్వంగా చెప్పుకుంటారు. తిమింగలాలు చూడడానికి రేపు పడవ ఎక్కుతున్నామని తమ్ముడు చెబితే, ఆ పెద్దాయన "డబ్బులు పోసి నీళ్లు చూస్తారన్నమాట" అన్నాడు.

నడిసముద్రం, జూన్ 10

మనిషికి 40 యూరోలు. పాత రేవు నుంచి మధ్యాహ్నం ఒంటిగంటకు బయలుదేరిన పడవలో అరవై మందిమి ఉంటాము. మాతో పాటు జీవశాస్త్రం చదివిన ఒక అమ్మాయి వచ్చింది. ఆమె అందరినీ పైఅంతస్తుకు పిలిచి, పడవను గడియారంగా ఊహించుకోమంది: ముక్కు పన్నెండు గంటలు, వెనక ఆరు గంటలు. ఎవరికి ఏది కనబడినా వేలు చూపి అరవకుండా, "మూడు గంటల వైపు" అని చెప్పాలి. తిమింగలం కోసం వెతకవద్దనీ, సముద్రంలో చుట్టుపక్కలకు పొసగనిది ఏదైనా ఉంటే దానిని పట్టుకోమనీ చెప్పింది: గాలి ఒకే తీరుగా వీస్తున్నచోట ఒక్క తెల్లని నురగ, లేదా పక్షులన్నీ ఒకే చోట మూగినట్లు తిరగడం. ఆ ఒక్క మాట మిగిలిన రోజులన్నీ నాకు పనికివచ్చింది.

మధ్యధరా నీళ్లు అంత నీలంగా ఉండడం నిజానికి వాటి పేదరికానికి గుర్తు. నీటిలో పోషకాలు తక్కువ, అందుచేత తేలియాడే సూక్ష్మజీవులు తక్కువ, అందుచేత వెలుతురు లోతుకంటా దిగుతుంది. మన కాకినాడ రేవులో గోదావరి ఒండ్రు కలిసిన మట్టిరంగు నీటిలో ఉండే కలిమి ఇక్కడ లేదు. అయితే జెనోవా ఎదుట ఉన్న లిగూరియా సముద్రం ఈ పేదింట్లో కాస్త సంపన్నమైన గది. తీరం నుంచి ఎంతో దూరం పోకుండానే అడుగు వెయ్యి మీటర్ల లోతుకు జారిపోతుంది, నీటి కింద నిలువు లోయలున్నాయి, చలికాలపు గాలులూ ప్రవాహాలూ అడుగునున్న పోషకాలను పైకి తెస్తాయి. వాటి మీద రొయ్యపిల్లలాంటి క్రిల్ పెరుగుతుంది, దాని కోసం ఫిన్ తిమింగలాలు వేసవిలో ఇక్కడ చేరతాయి. ఇటలీ, ఫ్రాన్సు, మొనాకో కలిసి 1999లో ఒప్పందం చేసుకుని, సుమారు 87,500 చదరపు కిలోమీటర్ల సముద్రాన్ని పెలాగోస్ అనే పేరుతో తిమింగలాలకూ డాల్ఫిన్లకూ అభయారణ్యంగా గుర్తించాయి. ఎనిమిది జాతులు ఇక్కడ తరచుగా ఉంటాయి. వాటిలో క్యువియర్ ముక్కు తిమింగలం గురించి చెప్పేటప్పుడు ఆ అమ్మాయి గొంతు తగ్గించింది. మూడు గంటలకు పైగా ఊపిరి బిగబట్టి లోతులో ఉన్న దాఖలా ఉన్న జంతువు అది. పైకి వచ్చి నాలుగు నిమిషాలు కనబడితే అదృష్టమట.

మొదటి గంటన్నర ఏమీ లేదు. షియర్‌వాటర్ పక్షులు మాత్రం రెక్క ఆడించకుండా, ఒక రెక్క కొస నీటిని కోస్తుందా అన్నంత దగ్గరగా వాలి, అల వెనక మాయమై, మళ్లీ లేస్తున్నాయి. నేను ఉత్సాహంగా "పది గంటల వైపు తాబేలు!" అన్నాను. పడవ నెమ్మదిగా అటు తిరిగింది. అది పుట్టినరోజు పండుగల్లో ఎగరవేసే వెండిరంగు బుడగ. చలిమరలోంచి తీసిన గాజు గ్లాసులా నా ముఖం చెమర్చింది గాని, పడవ నడిపే ఆయన పొడవాటి కొక్కెంతో దానిని పైకి తీసి చెత్తబుట్టలో వేసి, నాకు టోపీ ఎత్తి నమస్కరించాడు. తాబేళ్లు వీటిని జెల్లీచేపలనుకుని మింగి చస్తాయి కాబట్టి, నేను చూసింది ఒక విధంగా తాబేలేనని ఆ అమ్మాయి ఓదార్చింది.

తరువాత డాల్ఫిన్లు వచ్చాయి. మేము వాటిని కనిపెట్టడం కాదు, అవే మమ్మల్ని కనిపెట్టి దూరం నుంచి గెంతుకుంటూ వచ్చాయి. కంటి దగ్గర మొదలై పక్క పొడవునా సాగే ముదురు చార ఉంది కాబట్టి చారల డాల్ఫిన్లని గుర్తుపట్టాలి. ఈ సముద్రంలో అన్నిటికన్నా ఎక్కువగా కనబడేవి ఇవే. పడవ ముక్కు తోసే నీటి ఒత్తిడి మీద శ్రమ లేకుండా జారుతూ, మధ్యలో పక్కకు ఒరిగి ఒక కన్నుతో పైకి చూశాయి. ముక్కు దగ్గర కడ్డీకి ఆనుకుని కిందకు చూస్తున్న నాకు, అవి ఊపిరి వదిలినప్పుడు చేపవాసన కలిసిన తుంపర ముఖం మీద పడింది.

తిరుగుదారిలో ఒక నల్లని రెక్క నీటి మీద అటూ ఇటూ చేతకానిదానిలా ఊగుతూ కనబడింది. సొరచేప రెక్క ముందుకు సాగుతుంది, ఇది ఒక్కచోటే ఊగుతుంది. అది సూర్యచేప. తోక ఎవరో కోసేసినట్లు, చేప తలకాయ ఒక్కటే పళ్లెంలో పెట్టినట్లు ఉండే ఆ జీవి, చల్లని లోతుల్లో జెల్లీచేపలు తిని వచ్చి, పక్కకు వాలి ఎండ కాచుకుంటుంది. తిమింగలం కనబడలేదు. సాయంత్రం ఫరినాటా పెద్దాయన ఏమీ అడగలేదు, మా ముఖాలు చూసి ముసిముసిగా నవ్వి పళ్లెం పెట్టాడు.

కమోలి, జూన్ 11

కమోలి జెనోవాకు తూర్పున రైలులో ముప్పావు గంట దూరంలో ఉన్న జాలరుల ఊరు. సముద్రానికి అభిముఖంగా ఆరేడు అంతస్తుల రంగురంగుల ఇళ్లు, వాటి గోడల మీద లేని కిటికీలనూ లేని రాతి అలంకారాలనూ రంగులతోనే చిత్రించారు. ఏది నిజమైన కిటికీయో తెలుసుకోవాలంటే, ఎవరైనా తెరిచి బట్టలు ఆరవేసేదాకా ఆగాలి.

ఇక్కడ నేను చూడాలనుకున్నది తొన్నరెల్లా. ఊరికీ పుంతా కియాప్పా కొనకూ మధ్య, తీరానికి దగ్గరలో, ప్రతి ఏటా ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా కట్టి ఉంచే స్థిరమైన వల ఇది. తీరం వెంట పోయే చేపలకు వల అడ్డం వస్తుంది, అవి లోతుకు తిరుగుతాయి, తిరిగినచోట వలగది ఉంటుంది. రోజుకు కొన్నిసార్లు జాలరులు పడవల్లో వెళ్లి ఆ గదిని చేతులతోనే పైకి లాగుతారు. ఆ వల కొబ్బరి పీచుతో అల్లినది. మరమ్మతు కోసం రేవులో పరిచిన ముక్కను ముట్టుకోగానే నాకు అంబాజీపేట దారిలో ఎండబెట్టిన పీచు గుట్టలూ, రాట్నం తిప్పే ఆడవాళ్లూ గుర్తుకు వచ్చారు. కొబ్బరిచెట్టు ఒక్కటి కూడా కాయ కాయని ఈ తీరంలో, తరతరాల వల కొబ్బరి పీచుతో ఉండడం నాకు వింతగా తోచింది. నైలాను ఉండగా ఎందుకని తమ్ముడు అడిగితే, పీచు గరుకుగా ఉండడం వల్ల దాని మీద నాచు పట్టి చేపలకు అది వలలా అనిపించదనీ, పైగా కాలం ముగిశాక కోసి నీటిలోనే వదిలేసినా కుళ్లి కలిసిపోతుందనీ ఒక జాలరి చెప్పాడు. ఆయన చేతులు మా ఊరి పెద్దవల లాగేవాళ్ల చేతుల్లాగే, అరచేతిలో గీతలు కనబడకుండా కాయలు కాచి ఉన్నాయి.

మధ్యాహ్నం లాగుడును చిన్న పడవలోంచి చూశాం. వల పైకి వచ్చే కొద్దీ నీరు ముందు ఆకుపచ్చగా, తరువాత వెండిగా మారింది. బోనిటోలు, కానాగంతల వంటి చేపలు, వాటి మధ్యలో బండిచక్రమంత సూర్యచేప ఒకటి. ఇద్దరు దానిని అంచు దాకా దొర్లించి, వల అంచు కిందకు నొక్కి బయటకు తోశారు. అది మునగకుండా కాసేపు అక్కడే ఆలోచిస్తున్నట్లు ఉండి, ఆ తరువాత లోపలికి జారింది. తినడానికి పనికిరాని ఆ చేపను ఇక్కడ ఇలాగే వదిలేస్తారు. కొలతలు తీసుకునే పరిశోధకులు కొన్నాళ్లు ఈ పడవల్లోనే తిరిగారట.

రాత్రి వేయించిన నెత్తళ్లు తిన్నాం. తలకాయ తీసి, పిండి అంటించి, నూనెలో దింపి, నిమ్మచెక్కతో ఇచ్చారు. పళ్లెం 12 యూరోలు, అది కాక బల్ల దగ్గర కూర్చున్నందుకు తలకు రెండున్నర. కూర్చున్నందుకు డబ్బులేమిటని నేను తగువుకు సిద్ధపడుతుండగా, అది అక్కడ అందరికీ ఉండే ఆనవాయితీ అని తమ్ముడు ఆపాడు. వడ్డించే ముసలాయన నా మెడ వైపు చూసి, తన చొక్కా కాలరు మీద వేలు పెట్టి "కొరాల్లో?" అన్నాడు, పగడమా అని. అవునన్నాను. వాళ్ల తాతగారిది కొండకు అవతలి పక్కనున్న సాంతా మార్గెరీతా అట, పగడాల పడవలు ఆ రేవు నుంచే పోయేవట.

ఎర్ర పగడం రాయి కాదు, చెట్టు కాదు, జంతువుల గుంపు. ఎనిమిదేసి తెల్లని చేతులున్న చిన్న జీవులు కలిసి కట్టుకునే ఎముక అది, ఏడాదికి ఒక్క మిల్లీమీటరు కూడా లావెక్కదు. రోమనుల కాలం నుంచే ఇక్కడి పగడం మన దేశానికి వచ్చేది. పద్దెనిమిదో శతాబ్దంలో లివోర్నో, లండన్ వర్తకులు మధ్యధరా పగడాన్ని గోవాకూ మద్రాసుకూ పంపి, దానికి బదులుగా వజ్రాలు తెప్పించుకునేవారు. మద్రాసు నుంచి పోయే ఆ వజ్రాలు గోల్కొండ సీమవే. మా అమ్మమ్మ పగడాల పుట్టుక ఆ లెక్కల్లో ఎక్కడో ఉంటుందని ఊహించుకుంటూ, నేను ఆ ముసలాయనకు గొలుసు కాస్త ముందుకు లాగి చూపించాను. ఆయన ముట్టుకోలేదు. వంగి చూసి, "మంచి ఎరుపు" అన్నాడు.

పుంతా కియాప్పా, జూన్ 12

సాన్ రొక్కో గుడి దగ్గర దారి రెండుగా చీలుతుంది. ఎడమ దారి కొండ మీద నుంచి పోతుంది, కుడి దారి మెట్లు దిగుతూ పుంతా కియాప్పాకు పోతుంది. మేము మాటల్లో పడి ఎడమకు తిరిగి, ముప్పావు గంట ఎక్కి, రెండో ప్రపంచయుద్ధం నాటి ఫిరంగి గూళ్ల దగ్గర తేలాం. కింద ఎక్కడో నీళ్లు మిలమిలలాడుతున్నాయి, మా సంచుల్లో ఈతకు కాళ్లకు తొడిగే ఫిన్స్ బరువుగా ఉన్నాయి. ఎదురుగా వచ్చిన ఒక జంట మా చేతుల్లోని, నీటిలో ముఖం పెట్టి ఊపిరి తీసుకునే స్నార్కెల్ గొట్టాలను చూసి, మేము ఎక్కి వచ్చిన దారినే చూపించారు. మళ్లీ వెనక్కు నడిచి, మెట్లన్నీ దిగి చేరేసరికి పదకొండయింది. ఈ నడకలో నాకు దొరికిన లాభం రెక్కో ఊరి ఫొకాచ్చా ఒక్కటే. కాగితం కంటే కాస్త మందంగా సాగదీసిన రెండు పొరల మధ్య పులుపు జున్ను పెట్టి కాల్చిన ఆ రొట్టెను, సాయంత్రానికని దాచుకున్నదానిని, ఫిరంగి గూటి నీడలో కూర్చుని తినేశాం.

పుంతా కియాప్పా సముద్రంలోకి పొడుచుకు వచ్చిన రాతి నాలుక. ఈ కొండ చుట్టూ ఉన్న సముద్రం పోర్టొఫీనో సముద్ర రక్షిత ప్రాంతం. కాలా డెల్లోరో అనే ఒక అఖాతంలో ఈతగాళ్లకు కూడా ప్రవేశం లేదు, మిగిలిన చోట్ల నిబంధనలతో ఈదవచ్చు. కమోలిలో ఒక దుకాణంలో అద్దెకు తీసుకున్న మాస్కు నా ముఖానికి సరిపడక మాటిమాటికీ నీరు కారింది. రోజుకు 10 యూరోలు ఇచ్చి ఏడ్చినంత పనైంది. రెండో రోజు 28 యూరోలు పెట్టి సొంతంగా కొనుక్కున్నాను. మెత్తని సిలికాన్ అంచున్నది ముఖానికి ఆనించి, పట్టీ లేకుండా ముక్కుతో గాలి పీల్చితే అది అంటుకుని నిలవాలి. మొదటే ఈ సంగతి తెలిస్తే అద్దె మిగిలేది.

ఈ నీటిలో మొదటిసారి ముఖం పెట్టినవారికి నిరాశ కలుగుతుంది, నాకూ కలిగింది. అండమాను పగడపు దిబ్బల చిత్రాలు చూసి వచ్చిన కళ్లకు ఇక్కడ రాళ్లు, నాచు, బూడిదరంగు చేపలు. పది నిమిషాలు అలా తేలుతూ ఉండగా, ఆ బూడిదరంగే విడిపోవడం మొదలైంది. నీటి మధ్యలో గుంపుగా వేలాడే గోధుమరంగు డామ్సెల్ చేపల కింద, రాతి నీడలో, మెరుపు నీలంతో వేలిగోరంత పిల్లలున్నాయి. ఇవి పెద్దయ్యాక అలా గోధుమరంగులోకి మారతాయి. నారింజ చార ఉన్న రెయిన్‌బో రాస్ ఒకటి ప్రతి రాతి సందులోకీ దూరి చూస్తోంది. అది ఆడగా పుట్టి, పెద్దయ్యాక మగగా మారే చేప. నీలం, ఆకుపచ్చ, ఎరుపు గీతలతో నెమలిని తలపించే ఆర్నేట్ రాస్ పూర్వం దక్షిణపు వెచ్చని నీళ్లదే, నీరు వేడెక్కిన కొద్దీ ఉత్తరానికి వచ్చి ఈ తీరంలో స్థిరపడింది. బంగారు గీతల సలేమా చేపలు గొర్రెల మందలా తలలు దించి మేస్తున్నాయి.

ఆ తరువాత ఒక పొసగని వస్తువు కనబడింది. రెండు మీటర్ల లోతులో ఒక సందు ముందు గులకరాళ్లు, విరిగిన ఆలిచిప్పలు, ఎవరో గుమ్మం ముందు పేర్చినంత పొందికగా ఉన్నాయి. వాటి వెనక రాయి ఊపిరి తీసుకుంటోంది. ఆక్టోపస్. నేను కాళ్లు ఆడించడం మానేసి, చేతులు ముడుచుకుని, నీటి మీద చచ్చిన శవంలా తేలాను. అడ్డగీతలా ఉన్న కంటిపాప ఒక్కటే నా వైపు తిరిగింది. కొన్ని నిమిషాలకు ఒక చెయ్యి బయటకు వచ్చి, ఒక గులకరాయిని వెతికి, పట్టుకుని, గుమ్మానికి ఇంకొంచెం దగ్గరగా జరిపింది. తమ్ముడు చూద్దామని ఫిన్స్ టపటపలాడిస్తూ దగ్గరకు వచ్చాడు. ఒక్క క్షణంలో ఆ రాయి తెల్లబడి, మచ్చలు తేలి, సందులోకి ఇంకిపోయింది. వాడు పైకి తల ఎత్తి "ఏది అక్కా?" అన్నాడు. ఇంకో పావుగంట ఇద్దరం కదలకుండా ఉన్నాక గాని ఆ కన్ను తిరిగి కనబడలేదు. ఆ రోజు మొత్తంలో ఈదినది తక్కువ, తేలినది ఎక్కువ.

ఒడ్డుకు తిరిగి వస్తుండగా ముంజేతి మీద అట్లకాడతో వాత పెట్టినట్లయింది. ఊదారంగులో, నిమ్మకాయంత గొడుగు, దాని నిండా మొటిమలు: పెలాజియా నోక్టిల్యూకా అనే జెల్లీచేప. రాత్రివేళ వెలుగుతుందని దానికి ఆ రెండో పేరు. నేను రాతి మీదికి ఎక్కి మంచినీళ్ల సీసా మూత తీస్తుంటే, పక్కన ఎండ కాచుకుంటున్న ఎనభై ఏళ్ల ఆవిడ లేచి వచ్చి, నా చేతిలోంచి సీసా లాక్కుని, ఇటాలియన్‌లో నన్ను గట్టిగా మందలించింది. మంచినీళ్లు పోస్తే చర్మానికి అంటుకున్న కుట్టుకణాలు ఇంకా పేలుతాయి, రుద్దినా అంతే. ఆవిడ తన ప్లాస్టిక్ చెంబుతో సముద్రపు నీళ్లే మెల్లగా పోసి, ఒక కార్డు అంచుతో పైపైన గీకి, తరువాత నా భుజం తట్టి వెళ్లి మళ్లీ పడుకుంది. ఆవిడ పేరు అడగలేదు. మా మేనత్త కూడా అలాగే, ముందు తిట్టి తరువాత మందు వేసేది.

సాన్ ఫ్రుత్తువోసో, జూన్ 13

కొండల మధ్య అఖాతంలో పాత మఠం, దాని ఎదుట పదిహేడు మీటర్ల లోతులో చేతులు పైకెత్తిన క్రీస్తు కంచు విగ్రహం. గ్విదో గల్లెత్తి అనే శిల్పి చేసిన దానిని 1954లో నీటిలో దింపారు. పడవలోంచి చూస్తే ఆకుపచ్చ నీడ తప్ప మరేమీ కనబడదు, మునిగేవాళ్లకే దాని దర్శనం. ఎర్ర పగడం కూడా ఈ కొండ పాదాల దగ్గర, లోతైన చీకటి రాతిచూరుల కింద ఉంటుందని పడవ నడిపినాయన చెప్పాడు. స్నార్కెల్ తో చేరగలిగే లోతు కాదు. నేను ఆ నీళ్ల మీద కాసేపు తేలి, గొలుసు జాకెట్టులోకి దోపుకుని, ఒడ్డుకు వచ్చేశాను. ఆ రోజు అంతే.

ఇయేర్, పోర్‌క్రో, జూన్ 15, 16

ఫ్రాన్సులో ఇయేర్ చేరిన రోజు మిస్ట్రాల్ గాలి లేచింది. ఆకాశం తుడిచిన అద్దంలా ఉన్నా పడవలు కదలలేదు. టిక్కెట్టు కిటికీ దగ్గర నేను నేరుగా "రేపు పడవ ఉందా?" అని అడిగితే, లోపలి ఆవిడ సమాధానం చెప్పకుండా "బోఁజూర్" అని ఆగింది. నేను మళ్లీ ప్రశ్నే అడిగాను. ఆవిడ మళ్లీ "బోఁజూర్" అంది. పలకరింపు లేకుండా పని అడగడం అక్కడ తలుపు తన్ని లోపలికి వచ్చినంత మోటు అని మూడో సారికి గాని నాకు తెలియలేదు. పలకరించాక ఆవిడే ఎంతో ఓపికగా మరుసటి ఉదయం పడవల వేళలు రాసి ఇచ్చింది.

పోర్‌క్రో దీవినీ దాని చుట్టూ సముద్రాన్నీ 1963లో జాతీయ వనంగా ప్రకటించారు. అరవై ఏళ్ల రక్షణ ఏం చేస్తుందో దిగిన రేవులోనే కనబడింది. ఊరి మెట్ల దగ్గర, పడవల తాళ్ల మధ్యనే, అరచేతి వెడల్పు సీబ్రీమ్ చేపలు మనుషులను లెక్కచేయకుండా తిరుగుతున్నాయి. దీవి మీద మోటార్లు లేవు, సైకిళ్లు లేవు, రేవు దాటితే పొగ తాగకూడదు, చచ్చిన గవ్వ కూడా ఏరకూడదు. పైన్ చెట్ల వాసన మధ్య ముప్పావు గంట నడిస్తే లా పాల్యూ తీరం. అక్కడ వేసవిలో నీటి అడుగున బాట వేస్తారు: తేలే బోయాల వెంట ఈదుతూ పోతే, ఒక్కో బోయా కింద అక్కడ ఏముందో చెప్పే పలక ఉంటుంది.

నీటి అడుగునంతా పొసిడోనియా పచ్చిక. దీనిని నాచు అనుకోవడం పొరపాటు. వేళ్లు, ఆకులు, పువ్వులు, కాయలు ఉన్న మొక్క ఇది, ఈ జాతి మధ్యధరాలో తప్ప మరెక్కడా లేదు. దీని దుంపకాండం ఏడాదికి కొద్ది సెంటీమీటర్లకు మించి సాగదు, అందుచేత ఒక లంగరు పీకేసిన ముక్క తిరిగి పూడడానికి ఒక మనిషి జీవితం చాలదు. ఒడ్డున మెట్టలు మెట్టలుగా పడి ఉన్న గోధుమరంగు ఎండాకును చూసి చెత్త తీయించరేమని నేను తమ్ముడితో అన్నాను. ఆ మెట్టలే అలల దెబ్బ నుంచి ఇసుకను కాపాడుతాయి కాబట్టి కావాలని ఉంచారు. పైనుంచి చూస్తే వరిచేను గాలికి వంగినట్లు ఆ ఆకులు ఒక్కసారిగా అటూ, ఒక్కసారిగా ఇటూ వాలుతున్నాయి. సముద్రం అడుగున కోనసీమను చూస్తున్నట్లుందని నేను అనుకున్నాను, అది నా కళ్ల అలవాటు. ఆకుల మధ్య నిలువుగా గుచ్చినట్లు, మూరకు పైగా పొడవున్న ఖాళీ చిప్ప ఒకటి కనబడింది. పిన్నా నోబిలిస్ అనే పెద్ద ఆలిచిప్ప అది. 2016లో స్పెయిన్ తీరంలో మొదలైన ఒక పరాన్నజీవి తెగులుకు ఈ సముద్రంలో అవి దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. లోపల ఒక చిన్న చేప కాపురం పెట్టింది.

చివరి బోయా దాటాక, రస్కా అనే రాతిదిబ్బ పక్కన, నీడ ముదిరిన చోట ఒక బండ మెల్లగా వెనక్కు జరిగింది. డస్కీ గ్రూపర్, మన జాలరుల భాషలో బొంత జాతి. గోధుమరంగు మీద లేత మచ్చలు, కింది పెదవి ముందుకు వచ్చిన ముసలి ముఖం, మీటరుకు కాస్త తక్కువ పొడవు. ఇదీ ఆడగా పుట్టి, బాగా పెద్దయ్యాక మగగా మారే చేపే. బల్లెంతో వేటాడేవాళ్లు ఎప్పుడూ పెద్దవాటినే కొడతారు కాబట్టి మగవే ముందు పోయాయి, తీరాల్లో గుడ్లు ఫలదీకరించే దిక్కు లేకుండా పోయింది. ఫ్రెంచి మధ్యధరా తీరంలో 1993 నుంచి దీనిని బల్లెంతో కొట్టడం నిషిద్ధం, ఈ దీవి దగ్గర అంతకు ముందు నుంచే. అది నన్ను చూసి పారిపోలేదు. రెక్కలు మాత్రం ఆడిస్తూ, నేను ఎప్పుడు పోతానా అని ఎదురుచూసింది. చలికి నా పళ్లు కొట్టుకుంటుండగా నేనే ముందు పోయాను.

ఆ రోజు రానుపోను పడవకు చెరో 35 యూరోలైంది. రేవులో ఉడికించిన గుడ్డు, నెత్తళ్లు, ఆలివ్‌లు వేసిన ఆకుకూర పళ్లెం 19. ఆకలి తీరలేదు. నా సంచిలో హైదరాబాదు నుంచి తెచ్చిన కారప్పూస మిగిలి ఉంది కాబట్టి గట్టెక్కాం.

జెనోవా, జూన్ 18

మరో 80 యూరోలు పోయడం దుబారా అని నేను, వచ్చినదాని మీద ఇదేమంత అని తమ్ముడు, ఉదయమంతా వాదించుకుని పడవ ఎక్కాం. అదే పడవ, అదే అమ్మాయి. ఈసారి ఒళ్లంతా కళ్లు చేసుకుని వెతకడం మానేసి, దూరపు గీత మీద చూపు ఆనించి ఊరికే నిలబడ్డాను. రెండు గంటలు గడిచాక, మసక వెలుతురులో, నిలువుగా లేచిన ఒక తెల్లని ఊపిరి కనబడింది. అల నురగ అడ్డంగా పడుతుంది, ఇది కొబ్బరిచెట్టంత కాకపోయినా అలా నిటారుగా నిలిచి, నెమ్మదిగా చెదిరింది. "రెండు గంటల వైపు" అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు. తమ్ముడు గట్టిగా అన్నాడు.

పడవ వంద మీటర్లకు ఎంతో ముందే వేగం తగ్గించి, ఆ తరువాత ఇంజను ఆపేసింది. ఫిన్ తిమింగలం. నీలి తిమింగలం తరువాత భూమి మీద అంత పొడవైన జంతువు లేదు, ఇక్కడివి ఇరవై మీటర్లు ఉంటాయి. ముందు ఊపిరి శబ్దం వచ్చింది, పెద్ద ఆవిరి గొట్టం మూత తీసినట్లు. తరువాత నల్లని వీపు, అది సాగుతూనే ఉంది, ఇక అయిపోయిందనుకున్నాక ఎక్కడో వెనక చిన్న రెక్క. ఎడమ దవడ ముదురు రంగు, కుడి దవడ తెలుపు. ఈ జాతికున్న ఆ ఒంటిపక్క తెలుపు ఎందుకో శాస్త్రజ్ఞులు ఇంకా వాదించుకుంటున్నారు. మాకు మొదట ఎడమ పక్క కనబడింది. నాలుగు ఊపిరులు తీసుకుని, తోక పైకెత్తకుండా, వీపు మాత్రం విల్లులా వంచి మునిగింది. అది మునిగినచోట అలల మధ్య నూనె పోసినట్లు నునుపైన గుండ్రని మడుగు ఒకటి నిలిచింది. తోక తోసిన నీరు పైకి వచ్చి అలా ఏర్పడుతుందట.

తొమ్మిది నిమిషాలు. అరవై మందిలో ఒక పసివాడు తప్ప ఎవరూ మాట్లాడలేదు. దూరంలో ఒక పెద్ద ఫెర్రీ వేగంగా పోతోంది. ఇక్కడి తిమింగలాలకు అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ఓడలు ఢీకొనడమే. 2023లో ఈ వాయవ్య మధ్యధరాను అంతర్జాతీయ నౌకాయాన సంస్థ ప్రత్యేక ప్రాంతంగా గుర్తించి, ఓడలు గంటకు 10 నుంచి 13 సముద్రపు మైళ్ల వేగానికి తగ్గించుకోవాలని సూచించింది. అయితే అది సూచన మాత్రమే. ఆ అమ్మాయి ఫెర్రీ వైపు ఒకసారి, గడియారం వైపు ఒకసారి చూసింది. పదో నిమిషంలో తిమింగలం మా కుడి పక్కన, ఇటు తిరిగి లేచింది, తెల్లని దవడతో. చేతిలో ఫోను ఉందన్న సంగతి నాకు అది మళ్లీ మునిగాక గుర్తొచ్చింది.

సాయంత్రం సందులోకి వెళ్లేసరికి ఫరినాటా పళ్లెం అప్పుడే పొయ్యిలోంచి బయటకు వస్తోంది. పెద్దాయన మమ్మల్ని చూసి గడ్డం ఎగరేశాడు, చూశారా అన్నట్లు. నేను ఒక వేలు చూపించాను. ఆయన ఆ వేలిని చూసి, తల అడ్డంగా ఊపి, ముక్క కోస్తూ గొణిగాడు. తమ్ముడు తెలుగులోకి మార్చి చెప్పాడు: "రెండుసార్లు పోయి, ఒక్కటేనా?"